పెరట్లో బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ వేశాం, గోబి తిన్నాం



గత చలికాలం మా ఆసుపత్రి స్టాఫ్ క్వార్టర్స్ వెనుక ఉన్న ఖాళీ జాగాలో ఒక కొత్త కూరగాయను పెంచాలని చూశాం. అది పండలేదు. ఎందుకు పండలేదో తెలుసుకునే పనిలో పడి, దాని చుట్టాలను పండించుకున్నాం. ఆ తోట వల్ల ఓపీలో మేము నేర్చుకున్న సంగతులు మరికొన్ని ఉన్నాయి. అందులో ఒకటి మా పొరపాటే. అన్నీ ఇక్కడ చెబుతున్నాం.

విషయం ఇలా మొదలైంది. ఇక్కడ కొన్నేళ్ళు పనిచేసిన ఒక స్టాఫ్ నర్సు ఇప్పుడు ఇంగ్లండులో ఉంటున్నారు. అప్పుడప్పుడు ఫోను చేసి మంచిచెడ్డలు మాట్లాడతారు. క్రిస్మస్ భోజనంలో అక్కడివాళ్ళు బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ అనే కూర తప్పకుండా పెట్టుకుంటారట. నిమ్మకాయంత ఉండే బుల్లి గోబిగడ్డలు. కొంచెం చేదు, కొంచెం కమ్మదనం. పిల్లలు ముఖం చిట్లిస్తారు, పెద్దలు తింటారు. "మన మానుకోటలో పండుతాయేమో చూడండక్కా, వచ్చే క్రిస్మస్‌కు మీరూ వండుకోవచ్చు" అన్నారు. మాకూ సరదా పుట్టింది. విత్తనాల ప్యాకెట్ తెప్పించాం.

పేరు గురించి ఒక మాట. మొలకలు అనగానే మనకు నానబెట్టి గుడ్డలో కట్టిన పెసలు, శనగలు గుర్తుకొస్తాయి. ఇవి అవి కావు. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్ పేరు మీద పిలిచే ఒక గోబి జాతి మొక్క ఇది. నడుము ఎత్తు పెరుగుతుంది. కాండం పొడవునా ప్రతి ఆకు మొదట్లో ఒక చిన్న మొగ్గ గట్టిగా ముడుచుకుని గుండ్రంగా తయారవుతుంది. ఒక్కో మొక్కకు పదుల కొద్దీ వస్తాయి. వాటిని కింది నుంచి పైకి తుంచుకుంటూ పోతారు.

అక్టోబరు మొదటి వారంలో నారు పోశాం. నవంబరు మొదట్లో మొక్కలు నాటాం. పెంట ఎరువు వేశాం, నీళ్ళు పెట్టాం. మొక్కలు బాగానే లేచాయి. క్రిస్మస్ వచ్చింది, వెళ్ళింది. ఆకులు తప్ప ఇంకేమీ లేవు. రోజూ ఊడ్చడానికి వచ్చే ఆయమ్మ ఒకనాడు చీపురు గోడకానించి, మొక్క చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "గిదేం చెట్టు సిస్టరమ్మా? కాయ కాయది, గడ్డ కట్టది, ఊకె ఎత్తు పెరుగుతది" అంది. మా దగ్గర జవాబు లేదు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆకు మొదళ్ళలో శనగగింజంత మొగ్గలు కనబడ్డాయి. సంతోషించాం. రెండు వారాల్లో అవి గట్టిపడకుండా గులాబీ పువ్వులా విచ్చుకుపోయాయి. వాటి నిండా పేనుబంక పట్టింది. అంతటితో అయిపోయింది.

కారణం వాతావరణమే. బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌కు మూడు నాలుగు నెలల పొడవైన చలికాలం కావాలి. మొగ్గలు గట్టిపడే కాలంలో పగటి వేడి 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. 25 దాటితే మొగ్గ వదులైపోతుంది. పైన కాస్త మంచు పడితే రుచి కూడా తియ్యబడుతుందని పండించేవాళ్ళు చెబుతారు. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు 15 డిగ్రీల దగ్గరకు దిగుతాయి గానీ పగలు 29, 30 దాకా పోతుంది. ఫిబ్రవరి సగానికి చలి వెళ్ళిపోతుంది. మేము నారు నెల ముందుగా పోసి ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదు. మన దేశంలో ఈ పంట హిమాచల్ ప్రదేశ్ లాంటి కొండ ప్రాంతాల్లో, నీలగిరుల్లో పండుతుంది. కులూ లోయలోని కట్రాయిన్‌లో ఉన్న భారత వ్యవసాయ పరిశోధన సంస్థ కేంద్రం 'హిల్డ్స్ ఐడియల్' అనే రకాన్ని అక్కడి రైతుల కోసం ఇచ్చింది. కొండలకు ఇచ్చిన రకం కొండలకే. డోర్నకల్ జంక్షన్ ఎండకు కాదు.

ఒకే తల్లి పిల్లలు

ఇక్కడ ఆశ్చర్యపడవలసిన సంగతి ఒకటి ఉంది. క్యాబేజీ (మన వైపు గోబిగడ్డ అంటాం), కాలీఫ్లవర్ అంటే గోబిపువ్వు, నూల్కోల్, బ్రొకోలీ, బ్రస్సెల్స్ స్ప్రౌట్స్, ఇవన్నీ వేరు వేరు జాతులు కావు. ఒకే జాతి మొక్క. ఐరోపా సముద్రతీరంలో పెరిగే ఒక పిచ్చి ఆకుకూర నుంచి శతాబ్దాల పాటు రైతులు ఎంచి ఎంచి వీటిని చేసుకున్నారు. కొస మొగ్గ పెద్దదైన మొక్కల విత్తనం దాచుకుంటూ పోతే క్యాబేజీ అయింది. పూత ముద్దకట్టినవి దాచుకుంటే కాలీఫ్లవర్ అయింది. కాండం బంతిలా ఉబ్బినవి నూల్కోల్. పక్క మొగ్గలు ముడుచుకున్నవి బ్రస్సెల్స్ స్ప్రౌట్స్.

కాలీఫ్లవర్ మన దేశానికి 1822లో వచ్చింది. ఇంగ్లండు నుంచి విత్తనం తెప్పించి సహారన్‌పూర్‌లోని కంపెనీ తోటలో వేశారు. అది కూడా చలి దేశపు మొక్కే. అయితే ఉత్తరాది రైతులు వేడిని తట్టుకుని ముందుగా పువ్వు కట్టిన మొక్కల నుంచే విత్తనం తీసుకుంటూ వచ్చారు. వందేళ్ళలో అది మన ఎండకు అలవాటు పడింది. ఆ పాత రకాల నుంచే తరువాత పూసా కత్కీ, పూసా దీపాలీ లాంటి రకాలు వచ్చాయి. బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌కు అలాంటి శ్రమ ఎవరూ పడలేదు, పడవలసిన అవసరమూ రాలేదు. అందుకే దాని చుట్టాలు మన పెరట్లో పండుతాయి, అది పండదు.

అదృష్టవశాత్తు మేము అదే మడిలో పక్కన గోబి, నూల్కోల్ కూడా వేశాం. నూల్కోల్ అయితే నాటిన యాభై రోజులకే చేతికొచ్చింది. ఇంటి తోట కొత్తగా మొదలుపెట్టేవారు దీనితోనే మొదలుపెట్టమని మా సలహా. మన వైపు దీన్ని చాలామంది ఎరగరు. చూడడానికి భూమి పైన కూర్చున్న ముల్లంగిలా ఉంటుంది. తొక్క చెక్కి ముక్కలు కోసి, పెసరపప్పు వేసి వండితే సొరకాయ కూరకు తమ్ముడిలా ఉంటుంది. లేత ఆకులు పప్పులో వేసుకోవచ్చు. వైట్ వియన్నా, పర్పుల్ వియన్నా అని రెండు రకాలు దొరుకుతాయి. క్రికెట్ బంతి సైజులో ఉండగానే కోయాలి. ఇంకా పెద్దదవుతుందని ఆశపడి ఉంచితే లోపల పీచు కడుతుంది. మేము ఆశపడి నాలుగు పాడుచేసుకున్నాం.

పనిపద్ధతి క్లుప్తంగా చెబుతాం. సెప్టెంబరులో వానలు తగ్గు ముఖం పట్టగానే కాస్త ఎత్తుగా నారుమడి కట్టాలి. పాత తొట్టి అయినా సరిపోతుంది. విత్తనం అర సెంటీమీటరు లోతున పలచగా చల్లి, పైన గడ్డి కప్పి, మొలక రాగానే గడ్డి తీసేయాలి. ఒత్తుగా పోస్తే మొదళ్ళు కుళ్ళి నారు పడిపోతుంది. 25, 30 రోజులకు నాలుగైదు ఆకులు వస్తాయి. అప్పుడు సాయంకాలం పూట నాటుకోవాలి. క్యాబేజీకి అడుగున్నర దూరం, నూల్కోల్‌కు ముప్పావు అడుగు చాలు. మనది చాలాచోట్ల ఎర్ర చెల్క. నీరు నిలవదు, సారమూ నిలవదు. అందుకని మడికి బాగా మాగిన పెంట ఎరువు దండిగా వేయాలి. మాగని పేడ వేస్తే వేరుపురుగు వస్తుంది. క్యాబేజీలో గోల్డెన్ ఏకర్ అనే పాత రకం ఇంటి తోటకు అనుకూలం. నాటిన రెండు నెలలకు కిలో, కిలోన్నర గడ్డ కడుతుంది. గడ్డ గట్టిపడ్డాక ఒకేసారి ఎక్కువ నీరు పెడితే పగులుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు మడికి మళ్ళించుకోండి. మరుగుదొడ్డి వైపు నుంచి వచ్చే నీటిని మాత్రం ఎంతమాత్రం రానివ్వకండి. ఎందుకో కిందనే చెబుతాం.

ఇక కోతులు. వీటి గురించి ఏ పుస్తకంలోనూ సరిగా రాయరు. మహబూబాబాద్, నర్సంపేట వైపు పెరటి తోట వేసుకునే వారికి పురుగు కన్నా కోతి పెద్ద బాధ. క్యాబేజీని పీకి, రెండు కొరుకులు కొరికి, అవతల పారేసి ఇంకోటి పీకుతాయి. మేము పాత చేపల వల నాలుగు కర్రల మీద పైన కూడా కప్పాం. అదొక్కటే పనిచేసింది.

రెండు మూతల మందు

డిసెంబరులో క్యాబేజీ ఆకులకు చిల్లులు పడ్డాయి. ఆకు వెనుక చిన్న ఆకుపచ్చ పురుగులు, ముట్టుకుంటే దారం వేసుకుని కిందికి జారుతున్నాయి. వజ్రపు రెక్కల పురుగు అంటారు దీన్ని. పొరుగాయన చూసి మంచి మనసుతోనే ఒక సీసా తెచ్చిచ్చాడు. "పత్తికి తెచ్చిన మందు మిగిలింది. రెండు మూతలు కొట్టుండ్రి, సాయంత్రానికి సాఫ్." మేము వద్దన్నాం. ఆయన నొచ్చుకున్నాడు కూడా.

ఎందుకు వద్దన్నామో చెప్పాలి. పత్తికి, మిరపకు కొట్టే మందుల్లో కొన్ని కూరగాయల మీద అసలు కొట్టకూడనివి. ఉదాహరణకు మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఇలాంటి మందుల్లో కొన్ని మొక్క లోపలికే ఇంకుతాయి, కడిగితే పోవు. పైగా గోబిగడ్డ ఆకు మీద ఆకు కప్పుకుంటూ పెరుగుతుంది. ఇవాళ పై ఆకు మీద పడింది రేపు లోపలి ఆకు అవుతుంది.

ఇంకో కారణం మా క్యాజువాలిటీ. మందు తాగి వచ్చేవారిని, మందు కొట్టి కళ్ళు తిరిగి పడిపోయి వచ్చేవారిని చూసిన ఏ నర్సూ అలాంటి సీసాను ఇంటి గోడ వెనుక ఉంచదు. ఇంట్లో గొడవ జరిగిన ఆ పది నిమిషాల్లో సీసా చేతికి అందకపోతే చాలు, ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. మీ ఇంట్లో మిగిలిన మందు డబ్బా ఉంటే వంటింట్లో, పశువుల కొట్టంలో, మంచం కింద పెట్టకండి. తాళం వేసి, తాళంచెవి పెద్దవారి దగ్గర ఉంచండి. కూల్‌డ్రింక్ సీసాలోకి వంచి పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకండి.

మరి పురుగుకు ఏం చేశాం? పొద్దున్నే చేత్తో ఏరేశాం. పది మొక్కలకు అది పెద్ద పని కాదు. వేపగింజల పప్పు 50 గ్రాములు దంచి లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట వారానికోసారి కొట్టాం. మడి అంచున ఆవాలు చల్లాం. ఈ పురుగు ఆవ మొక్కను చూస్తే క్యాబేజీని వదిలి అటు పోతుంది. రైతులకు కూడా శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతే ఇది. పురుగు పూర్తిగా పోలేదు. పై రెండు ఆకులు దానికి వదిలేసి లోపలిది మేము తిన్నాం.

చిన్న పెరడు కాబట్టి సాగింది, ఎకరాల్లో సాగుతుందా అని అడగవచ్చు. జనగామ జిల్లా లింగాలఘన్‌పూర్ మండలంలోని ఏనెబావి మనకు దూరం కాదు. యాభై కుటుంబాల చిన్న ఊరు. రసాయన ఎరువులు గానీ పురుగుమందులు గానీ వాడబోమని 2006లో ఊరంతా కలిసి చెప్పుకున్నారు. వరి, పత్తి, కూరగాయలు అన్నీ అలాగే పండించారు. రాష్ట్రం నలుమూలల నుంచి రైతులు వెళ్ళి చూసి వచ్చారు.

"మెదడులో పురుగు గోబి వల్లనేనా సార్?"

ఈ ప్రశ్న ఓపీలో మేము తరచూ వింటాం. మా తోట గోబి చేతికొస్తున్న రోజుల్లోనే ఒక యువకుణ్ణి ఫిట్స్‌తో తీసుకొచ్చారు. తల స్కానింగ్‌లో చిన్న ఉంగరంలాంటి మచ్చ కనబడింది. ఎవరో చెప్పారట, గోబిలో ఉండే పురుగు మెదడుకెక్కిందని. తండ్రి బాధతో అన్నాడు, "ఇంటి దగ్గర వేసిన గోబి అంతా పీకి పారేసి వచ్చినం సార్." ఆయనతో మేము చాలాసేపు మాట్లాడవలసి వచ్చింది.

గోబి లోపల మెదడుకెక్కే పురుగు ఏదీ పుట్టదు. గోబి ఆకుల్లో కనిపించే ఆకుపచ్చ పురుగును పొరపాటున తిన్నా అది మెదడుకు పోదు. అసలు సంగతి బద్దెపురుగుది. సరిగా ఉడకని పంది మాంసం తిన్న మనిషి పేగులో ఈ పురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలో కంటికి కనబడనంత చిన్న గుడ్లు వేల కొద్దీ బయటకు పోతాయి. ఆరుబయట మలవిసర్జన చేస్తే ఆ గుడ్లు మట్టిలో, నీళ్ళలో కలుస్తాయి. అదే మట్టి, అదే నీరు కూరగాయలకు అంటి, వాటిని పచ్చిగా తిన్నవారి కడుపులోకి గుడ్లు పోతే, వాటి నుంచి వచ్చే పిల్లలు రక్తంతో ప్రయాణించి మెదడులో గూడు కట్టుకుంటాయి. అప్పుడు ఫిట్స్ వస్తాయి. జబ్బు పడే మనిషి జన్మలో పంది మాంసం ముట్టని శాకాహారి కూడా కావచ్చు. ఇంట్లో వంట చేసే మనిషికి కడుపులో బద్దెపురుగు ఉండి, చేతులు సరిగా కడుక్కోకపోయినా ఇంటిల్లిపాదికీ ప్రమాదమే.

ఒకప్పుడు మన దేశంలో ఫిట్స్ వచ్చినవారి స్కానింగ్‌లో ఇలాంటి చిన్న మచ్చ కనబడితే క్షయ గడ్డ అనుకుని నెలల తరబడి టి.బి. మందులు వాడేవారు. 1980ల చివరలో వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి వైద్యులు ఆ మచ్చల ముక్కలను తీసి పరీక్షించి, వాటిలో చాలావరకు ఈ పురుగు వల్ల వచ్చినవేనని చూపించారు. ఆ తరువాత దేశమంతటా వైద్యం తీరు మారింది.

కాబట్టి పీకవలసింది గోబిని కాదు. క్యాబేజీని ఆకు ఆకు విడదీసి పారే నీళ్ళ కింద కడగండి. పై ఆకులు తీసేయండి. ఉప్పు నీళ్ళలో వేస్తే ఆకుపురుగులు పైకి తేలతాయి, అది మంచిదే. కానీ బద్దెపురుగు గుడ్లు ఉప్పుకు, వెనిగర్‌కు చావవు. బాగా ఉడికిస్తే చస్తాయి. నీరు ఎక్కడిదో తెలియని కూరగాయను పచ్చిగా తినకండి. బండి మీద నూడుల్స్ పైన చల్లే పచ్చి క్యాబేజీ తురుము కూడా ఇందులోకే వస్తుంది. మీ పెరటి మడికి మరుగుదొడ్డి నీరు చేరకుండా చూడండి, పందులు దూరకుండా కంచె వేయండి. ఫిట్స్ వచ్చినవారు డాక్టరు చెప్పనిదే మాత్రలు ఆపకండి. నులిపురుగుల మాత్ర సొంతంగా కొని వేసుకోకండి. మెదడులో పురుగు ఉన్నవారికి దాన్ని ఏ మందుతో కలిపి, ఎప్పుడు ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. ఆ యువకుడు మాత్రలు వేసుకుంటున్నాడు, ఫిట్స్ మళ్ళీ రాలేదు. తండ్రి మళ్ళీ నారు అడిగాడు.

మా పొరపాటు

ఇప్పుడు ఆ పొరపాటు సంగతి. గుండె కవాటం మార్చుకుని, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్న ఒక అక్క నెలనెలా మా దగ్గరికి రక్త పరీక్షకు వస్తుంది. తండా నుంచి రెండు ఆటోలు మారి వస్తుంది. చిన్నప్పుడు కీళ్ళ వాపుతో వచ్చిన జ్వరం గుండెకు పాకిన కేసు. మన ప్రాంతంలో ఇలాంటివారు చాలామంది ఉన్నారు. డిసెంబరులో వచ్చినప్పుడు మా తోటలో పండినవి ఒక సంచి నిండా ఇచ్చాం. రెండు గోబిగడ్డలు, నూల్కోల్ ఆకులు, పండని స్ప్రౌట్స్ మొక్కల లేత ఆకులు కూడా. నారు కూడా ఇచ్చాం. ఆమె ఇంటి ముందు నాటుకుంది. ఆమె దగ్గర బాగా పండింది. రోజూ రెండు పూటలా తిన్నది. జనవరి చివర పరీక్ష చేస్తే ఐ.ఎన్.ఆర్. 1.4 ఉంది. ఆమెకు ఉండవలసింది 2.5 నుంచి 3.5 మధ్య. మాత్ర ఒక్కటి కూడా మానలేదు.

రక్తం గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలి. వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి మాత్రలు ఆ విటమిన్ పనిని అడ్డుకుంటాయి. ఆకుకూరల్లో, గోబి జాతిలో ఈ విటమిన్ ఎక్కువ. 100 గ్రాముల పాలకూరలో దాదాపు 480 మైక్రోగ్రాములు, బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌లో 175, క్యాబేజీలో 75 ఉంటుంది. గోబిపువ్వులో 15 మాత్రమే. ఉన్నట్టుండి రోజూ ఎక్కువగా తింటే మాత్ర బలం చాలదు. కృత్రిమ కవాటం మీద రక్తం గడ్డ కడితే అది ప్రాణం మీదికి వస్తుంది, పక్షవాతం కూడా రావచ్చు. దేవుని దయవల్ల ఆమెకు ఏమీ కాలేదు. డాక్టరు గారు మోతాదు సరిచేశారు, వారం వారం పరీక్ష చేశాం, మూడో వారానికి సరైన అంకెకు వచ్చింది.

ఆమె ఏమన్నదంటే, "అయితే ఇగ ఆకుకూర మొత్తం బంద్ చేయాల్నా సిస్టరమ్మా?" వద్దు. అది ఇంకో పొరపాటు. చాలామంది అలా మొత్తం మానేస్తారు, అప్పుడు రక్తం మరీ పలచబడి చిగుళ్ళ నుంచి, మూత్రంలో రక్తం పడవచ్చు. పైగా ఆమెకు రక్తం తక్కువ. తినవలసింది రోజూ కొద్దిగా, ఒకే కొలతలో. వారమంతా మాని ఆదివారం గంప తినకూడదు. తోట చేతికొచ్చే కాలం మొదలయ్యేటప్పుడు, అయిపోయేటప్పుడు ఒక పరీక్ష ఎక్కువ చేయించుకోవాలి. ఈ మాత్రలు వాడేవారు ఎవరు సంచి తీసుకుపోయినా ముందు అడిగి ఇవ్వాలని మా తోట గోడ మీద ఇప్పుడు బోర్డు రాసి పెట్టాం.

థైరాయిడ్ ఉన్నవారు కూడా గోబి తినవచ్చా అని అడుగుతారు. అయోడిన్ ఉప్పు వాడుతూ, ఉడికించి, మితంగా తింటే భయం లేదు. మాత్ర మాత్రం పరగడుపున వేసుకోవాలి.

ఇంత చెప్పాక, అసలు ఈ కూరగాయలు ఎందుకు పెంచాలి అంటారా? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. మా ప్రసూతి వార్డులో కూర్చుంటే ఈ అంకె నిజమేనని ఎవరూ వేరే చెప్పనక్కరలేదు. మనం తినే పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే అదే భోజనంలో విటమిన్ సి కావాలి. బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌లో 100 గ్రాములకు 85 మిల్లీగ్రాములు ఉంటుంది, అందుకే చలి దేశాల్లో దానికి అంత గౌరవం. కానీ మన నూల్కోల్‌లో 60 దాకా ఉంటుంది, అది కమలాపండు కన్నా ఎక్కువే. ఎక్కువ నీళ్ళు పోసి గంటసేపు ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే మాత్రం మిగిలేది పీచే. మూత పెట్టి, తక్కువ నీళ్ళతో, మెత్తబడగానే దించేయండి. దించాక నిమ్మకాయ పిండండి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము పట్టదు, గంట ఆగండి. రక్తం బాగా తక్కువ ఉన్నవారికి కూర ఒక్కటే చాలదు, ఐరన్ మాత్రలు వేసుకోవాల్సిందే. అన్నట్టు ఆ స్ప్రౌట్స్ ఆకులు కూడా వృథా పోలేదు. శనగపప్పుతో వండి, జొన్నరొట్టెతో తిన్నాం. కొంచెం చేదు ఉంది. మెంతికూర తినే ఇంట్లో అది చేదని ఎవరూ అనలేదు.

ఈ సంగతి ఇంగ్లండు చెల్లెమ్మకు ఫోనులో చెబితే పెద్దగా నవ్వింది. అక్కడ తను ఇంటి వెనుక కుండీలో గోంగూర వేసిందట. మొక్క జానెడు కూడా లేవలేదు, చలికి ముడుచుకుపోయిందట.

ఈసారి సెప్టెంబరు మొదటి వారంలో నారు పోస్తాం. అక్టోబరులో ఓపీ రోజుల్లో నారు తీసుకుపోవచ్చు, మనిషికి పది మొక్కలు. తడి గుడ్డ, సంచి మీరే తెచ్చుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు పుస్తకం కూడా తెచ్చి ముందు సిస్టర్‌కు చూపించండి. గోబి, నూల్కోల్, గోబిపువ్వు నారు ఉంటుంది. బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ నారు మాత్రం పోయడం లేదు.